కావేరి గాలపు వేటలో స్థానిక మార్గదర్శి: చేతి ద్వారా అందే జ్ఞానం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గాలంతో చేప పట్టడం కొత్తగా నేర్చుకునేవారికి గ్రంథం ఎంతవరకు తోడ్పడుతుంది, నదిని ఎరిగిన మనిషి ఎక్కడ అవసరమవుతాడు అనే ప్రశ్నను కావేరి నదిలోని మహశీర్ వేట ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శివనసముద్రం దిగువన ఉన్న వేట శిబిరాలలో స్థానిక మార్గదర్శులు అతిథులకు నేర్పినదేమిటి, నేర్పకుండా తమవద్దే ఉంచుకున్నదేమిటి, అతిథుల లెక్కల పుస్తకాల ద్వారా శాస్త్రానికి చేరినదేమిటి అన్న మూడు అంశాలను వేరుచేసి చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: గాలపు వేట, మహశీర్, కావేరి, పుట్టి, శిష్యరికం, అవ్యక్తజ్ఞానం, మత్స్యవినోదం

1. ఉపోద్ఘాతం

"చేపపిల్లకు ఈత నేర్పాలా?" అని తెలుగులో సామెత. ఒక వృత్తిలో పుట్టినవారికి ఆ వృత్తి పుట్టుకతోనే అబ్బుతుందన్న అర్థంలో దీన్ని తరచుగా వాడుతుంటారు. చేప విషయంలో సామెత నిజమే కావచ్చు. చేపను పట్టేవాని విషయంలో మాత్రం అది సగం నిజం కూడా కాదు. నది ఒడ్డున పుట్టిన పిల్లవాడైనా పెద్దవాళ్ల వెంట తిరిగి, తిట్లు తిని, తెగిన దారాలకు ముడులు వేసి, ఏళ్ల తరబడి నేర్చుకుంటాడు. ఆ నేర్పు ఇంటిపనిలో, ఒడ్డు మీది ఆటలో కలిసిపోయి సాగుతుంది కనుక అది చదువుగా ఎవరికీ కనిపించదు.

బయటినుంచి వచ్చిన ఒక వ్యక్తి "నాకు నేర్పండి" అని అడిగినప్పుడే ఈ చదువు బయటపడుతుంది. అంతవరకు ఆలోచించకుండా చేస్తున్న పనిని మార్గదర్శి ఆపి, విడదీసి, ఒక వరుసలో పెట్టవలసి వస్తుంది. కొన్ని మెలకువలు మాటల్లోకి వస్తాయి, కొన్ని రావు. మాటల్లోకి రానిదాన్ని చేయి పట్టి చూపిస్తాడు. అలా కూడా చూపలేనిదాన్ని తానే చేసేస్తాడు. కొత్తవాడూ మార్గదర్శీ కలిసి గడిపే ఒక్క రోజును జాగ్రత్తగా గమనిస్తే వృత్తిజ్ఞానంలోని ఈ మూడు పొరలు వేటికవే కనిపిస్తాయి.

ఈ పరిశీలనకు కావేరి మహశీర్ వేటను ఎన్నుకోవడానికి కారణం ఉంది. నేర్చుకునేవారికీ నేర్పేవారికీ మధ్య భాష, వర్గం, దేశం అన్నీ వేరుగా ఉన్న సందర్భమిది. పైగా ఆ శిబిరాలలో రాసిపెట్టిన వేట వివరాలు తర్వాతి కాలంలో శాస్త్రీయ అధ్యయనానికి ఆధారమయ్యాయి. నేర్పిన జ్ఞానానికీ రాతకెక్కిన జ్ఞానానికీ గల దూరాన్ని కొలవడానికి ఇంతటి అనువైన ఉదాహరణ అరుదు.

2. నది, చేప

శివనసముద్రం జలపాతాల తర్వాత కావేరి కొండల మధ్య, రాళ్ల మధ్య విడిపోతూ కలుస్తూ ప్రవహిస్తుంది. దొడ్డమాకళి, భీమేశ్వరి, గాలిబోరె అనే చోట్ల నది ఒడ్డున వేట శిబిరాలు వెలిశాయి. వాటికి దిగువన అర్కావతి కలిసే సంగమం, ఆపైన మేకెదాటు ఉన్నాయి. 1987లో ఏర్పడిన కావేరి వన్యప్రాణి అభయారణ్యంలో ఈ ప్రాంతం భాగం. ఒడ్డున ఏనుగులు, నీటిలో మొసళ్లు, నీటికుక్కలు ఉంటాయి. ఇక్కడ కొత్తవానికి మొదటి పాఠం చేపను గురించి కాదు, ఎక్కడ కాలు పెట్టకూడదన్నదాన్ని గురించి.

మహశీర్ బొచ్చె, శీలావతి చేపల కుటుంబానికే చెందినది. నోటిలో పళ్లుండవు; గొంతులో ఉంటాయి. పీతలను, నత్తలను అక్కడే నలిపి మింగుతుంది. పెదవులు దళసరిగా, పొలుసులు అరచేయంత వెడల్పుగా ఉండే ఈ చేప వడినీటిలో బతకడానికి తగిన బలం కలది. 1946లో మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కుటుంబీకుడొకరు కబిని నదిలో గాలంతో పట్టిన మహశీర్ 120 పౌండ్లు, అంటే సుమారు 54 కిలోలు తూగింది. ఆ తర్వాత ఆనకట్టల వల్ల, మందుగుండు పేల్చి చేపలు చంపడం వల్ల ఈ చేప దాదాపు కనుమరుగైందన్న అభిప్రాయం గాలపు వేటగాళ్లలో వ్యాపించింది. 1977–78లో ముగ్గురు ఆంగ్లేయులు మహశీర్‌ను వెతుక్కుంటూ వచ్చి, కావేరిలో పెద్ద చేపలు ఇంకా ఉన్నాయని లోకానికి తెలియజేశారు. దీనిని 'తిరిగి కనుగొనడం' అని వేట సాహిత్యం రాస్తుంది. ఒడ్డునున్న పల్లెలవారి కళ్లకు ఆ చేప ఎన్నడూ మరుగుకాలేదన్నది ఆ రాతలో తరచుగా మరచిపోయే సంగతి.

3. గ్రంథం చెప్పగలిగింది

గాలపు వేటను గ్రంథస్థం చేయడం మన దేశంలో పాశ్చాత్యులతో మొదలు కాలేదు. కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలోని వినోదవింశతిలో 'మత్స్యవినోదం' అనే భాగం ఉంది. చేపల రకాలు, వాటికి వేయవలసిన మేతలు, గాలపు కర్ర, తాడు వంటి వివరాలు అందులో కనిపిస్తాయి. మత్స్యశాస్త్రవేత్త సుందర్ లాల్ హోరా ఈ భాగాన్ని 1951లో ఆధునిక పాఠకులకు పరిచయం చేశారు. రాజు వినోదం కోసం రాసిన ఈ భాగంలో చేపలకు ముందుగా మేత వేసి ఒకచోటికి అలవాటు చేసే పద్ధతి కూడా ఉంది. ఆ మేత వండినవాడు, నీటిలో వేసినవాడు, చేపలు మరిగాయని వచ్చి చెప్పినవాడు రాజు కాడని ఊహించడం కష్టం కాదు.

ఆధునిక కాలంలో మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివన్ థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' అనే గ్రంథం ప్రచురించాడు. చెరువుల్లో గాలపు వేటపై 1887లో మరో పుస్తకం రాశాడు. ఇటువంటి గ్రంథాలు గాలం ఎంత లావుండాలో, దారం ఎంత బరువు మోయాలో, ఏ నెలలో వేటకు వెళ్లాలో చక్కగా చెప్పగలవు. నైరుతి ఋతుపవనాలతో కావేరి పొంగుతుంది. మహశీర్ గుడ్లు పెట్టడానికి ఎగువకు పోతుంది. నీరు తగ్గి తేటపడిన చలికాలం నుంచి ఎండాకాలం వరకు గాలానికి అనువైన సమయం. ఇదంతా రాతకు లొంగే జ్ఞానం. ఏ నదికైనా వర్తించే మాట అయినందువల్లనే అది రాతకు లొంగింది.

4. చేతికి అందేది

శిబిరంలో వేట రోజు ఎరతో మొదలవుతుంది. ఇక్కడ ప్రధానమైన ఎర రాగి ముద్ద. రాగిపిండిని ముద్దచేసి, నీటిలో ఉడికించి, వేడి ఆరకముందే బాగా పిసికి, నిమ్మకాయ మొదలు నారింజ వరకు ఎంత కావాలంటే అంత పరిమాణంలో గాలానికి పెడతారు. రాయలసీమ పాఠకులకు ఇది సంకటికి దగ్గరి చుట్టం. మెత్తగా ఉంటే వడినీటిలో విడిపోతుంది, గట్టిగా ఉంటే చేప దవడల మధ్య గాలం బయటపడదు. ఈ రెంటికీ నడుమనున్న పాకం ఎంతో ఏ పుస్తకమూ చెప్పలేదు. మార్గదర్శి ఒక ముద్దను కొత్తవాని చేతిలో పెట్టి నొక్కమంటాడు. ఆ నొక్కుడుతో వేలికి తెలిసిందే కొలత.

తర్వాతది చోటు. పుట్టిలో నదిలోకి తీసుకుపోయి, మార్గదర్శి నీటి మధ్యలోని ఒక బండను చూపి, దానికి ఎడమవైపున గాలం వేయమంటాడు. వెదురు బద్దల చట్టంపై తోలు లేదా పట్టా కప్పిన ఈ గుండ్రటి పడవను తమిళంలో పరిసల్ అంటారు. కృష్ణా తుంగభద్రల ఒడ్డున తెలుగువారు వాడే పుట్టి ఇదే. కొత్తవానికి నీరంతా ఒకేలా కనిపిస్తుంది. మార్గదర్శికి మాత్రం పైకి నునుపుగా తేలే నీరు కిందనున్న మడుగును చూపిస్తుంది. చిన్న సుడి నీటి అడుగున దాగిన రాతి అంచును పట్టిస్తుంది. వడినీటికీ నిలకడనీటికీ నడుమ గల సన్నని గీత వెంట చేప కాచుకుని ఉంటుందని అతనికి తెలుసు. వడిలో ఉంటే బలం ఖర్చవుతుంది, నిలకడలో ఉంటే ఆహారం కొట్టుకు రాదు. కారణం ఇలా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. గీత ఎక్కడుందో చూడటం ఆ వాక్యంతో రాదు. పైగా ఎగువనున్న జలవిద్యుత్ కేంద్రాలు నీరు వదిలే తీరును బట్టి మట్టం మారుతుంది, మట్టంతోపాటు గీతా జరుగుతుంది. నిన్నటి చోటు ఇవాళ పనికిరాకపోవచ్చు.

అన్నిటికంటె కష్టమైన పాఠం తాకిడిని గుర్తించడం. మన చెరువుల్లో గాలం వేసేవారు బెండు మీద కన్ను వేసి కూర్చుంటారు. బెండు మునిగితే చేప పట్టినట్టు. అక్కడ గురువు కన్ను. కావేరి రాళ్ల మధ్య ఎర నీటి అడుగున ఉంటుంది, బెండు ఉండదు. కర్రను ఒక చేత పట్టి, దారాన్ని మరో చేతి వేలిపై ఆనించి గంటలకొద్దీ కూర్చోవాలి. సీసపు గుండు రాతిపై దొర్లినా, చిన్న చేపలు ఎరను కొరికినా, పీత పట్టి ఈడ్చినా, దారంలో కొట్టుకొచ్చిన గడ్డి చిక్కినా వేలికి ఏదో ఒకటి తెలుస్తూనే ఉంటుంది. కొత్తవాడు ప్రతిదానికీ కర్ర ఎత్తుతాడు. ఎత్తినప్పుడల్లా ఎర చోటు మారుతుంది, మార్గదర్శి ముఖం చిట్లిస్తాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేకపోతే ఈ ముఖ కవళికలే పాఠ్యపుస్తకం. కొంతసేపటికి మార్గదర్శి తానే దారంపై రెండు వేళ్లు ఆనిస్తాడు. కొత్తవాని వేలికీ ఆయన వేళ్లకూ ఒకే కదలిక చేరుతుంది. ఆయన తల అడ్డంగా ఊపితే అది పీత. తల ఊపకుండా కళ్లు పెద్దవిచేస్తే ఇక ఆగకూడదు.

మైకేల్ పొలాన్యీ 1966లో వెలువరించిన గ్రంథంలో ప్రతిపాదించిన అవ్యక్తజ్ఞానం అనే భావనకు ఈ రెండు వేళ్ల దృశ్యం మంచి ఉదాహరణ. అయితే ఒక సవరణ అవసరం. మాటల్లో పెట్టలేని ఎరుక అంటే పంచుకోలేని ఎరుక అని మన విమర్శలో కొందరు అన్వయిస్తుంటారు. కావేరిలో జరిగేది అందుకు విరుద్ధం. ఇక్కడి ఎరుక మాట లేకుండానే, ఒకే దారం మీద రెండు చేతులు ఉండటం వల్లనే పంచబడుతోంది.

చేప పట్టిన తర్వాత పని వేగంగా సాగుతుంది. మొదటి పరుగును ఆపబోతే దారం తెగుతుంది. కర్రను నిలువుగా పట్టి దారం వదలాలి. అది బండ చుట్టూ తిరిగితే మార్గదర్శి పుట్టిని ఆ వైపుకు తెడ్డుతో తిప్పి చిక్కు విడిపిస్తాడు. ఒడ్డుకు చేరిన చేపను తూచి, నీటిలోనే ప్రవాహానికి ఎదురుగా నిలిపి, దానంతట అది ఈదిపోయేదాకా పట్టుకుంటారు. పట్టి వదలడమే ఆ శిబిరాల నియమం.

5. నడిమి పని మాత్రమే

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో శిష్యరికాన్ని గురించి రాసిన గ్రంథంలో లైబీరియా దర్జీల ఉదాహరణ ప్రసిద్ధం. అక్కడ శిష్యుడు బొత్తాలు కుట్టడం, అంచులు మడవడం వంటి చివరి పనులతో మొదలుపెట్టి, గుడ్డ కత్తిరించే మొదటి పనికి ఆఖరున చేరుకుంటాడు. పొరపాటు జరిగినా నష్టం తక్కువగా ఉండే చోటినుంచి నష్టం ఎక్కువగా ఉండే చోటికి సాగే ప్రయాణమది. చివరికి శిష్యుడు దర్జీ అవుతాడు.

కావేరి అతిథికి దక్కే శిష్యరికం ఈ చట్రంలో ఇమడదు. చోటు ఎంచడం, ఎర వండటం, నీటి మట్టం చూడటం అనే తొలి పనులు మార్గదర్శివే. చిక్కు విడిపించడం, చేపను వదలడం అనే తుది పనులూ చాలావరకు ఆయనవే. అతిథికి అప్పగించేది నడిమి పని: కర్ర పట్టడం, తాకిడి గుర్తించడం, చేపతో పెనుగులాడటం. ఉల్లాసం ఉన్నదీ, ఫోటో ఉన్నదీ అక్కడే. వారం గడిచేసరికి అతిథి మహశీర్ తాకిడిని పీత ఈడ్పునుంచి వేరు చేయగలడు. కానీ మార్గదర్శి లేకుండా మరునాడు నదికి వెళితే గాలం ఎక్కడ వేయాలో అతనికి తెలియదు. అతను చేపను నేర్చుకున్నాడు, నదిని నేర్చుకోలేదు.

దీన్ని మార్గదర్శి దాపరికంగా చూడనవసరం లేదు, వారం రోజుల్లో నదిని ఎవరూ నేర్పలేరు. కానీ ఈ ఏర్పాటు వల్ల ఒక ఫలితం కలిగింది. నదిని ఎరగడం జీతం తెచ్చే పనిగా ఉన్నంతకాలం ఆ జ్ఞానం మార్గదర్శుల ఇళ్లలో, వెంట తిరిగే కుర్రవాళ్ల చేతుల్లో నిలిచింది. శిబిరాలు మార్గదర్శులుగా నియమించినవారిలో కొందరు అంతకుముందు దొంగచాటుగా చేపలు పట్టినవారే. 'వేటాడినవాడే కాపలాదారు అయ్యాడు' అన్న కథనాన్ని పర్యాటక సాహిత్యం ముచ్చటగా చెబుతుంది. ఈ కథనం అసత్యం కాదు, కానీ అందులో మారినట్టు కనిపించేది మనిషి గుణం. నిజంగా మారినది ఆ మనిషికి తెలిసిన నదికి కట్టిన వెల. జ్ఞానం పాతదే.

6. లెక్కల పుస్తకం, చేప పేరు

గాలిబోరె శిబిరంలో 1998 నుంచి 2012 వరకు నమోదైన వేట వివరాలను ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్, రాబర్ట్ బ్రిటన్ విశ్లేషించి 2015లో ప్రచురించారు. మొత్తం 23,620 గంటల వేట, పట్టి వదిలిన 6,161 మహశీర్‌లు, 1 నుంచి 46 కిలోల వరకు బరువులు. వినోదం కోసం రాసుకున్న లెక్కలు ఒక నది చరిత్రగా మారిన సందర్భమిది. ఆ లెక్కల్లో రెండు రకాల చేపలు వేరువేరుగా నమోదయ్యాయి. ఒకటి మూపురం గలది, రెండవది నీలిరెక్కలది. సంవత్సరాలు గడిచేకొద్దీ పట్టుబడిన చేపల సంఖ్య పెరిగింది, సగటు బరువు తగ్గింది. పెరిగినది నీలిరెక్కల చేప. మూపురం చేప దాదాపు అదృశ్యమైంది.

నీలిరెక్కల మహశీర్ కావేరికి సహజమైనది కాదు. లోనావాలాలోని హేచరీలో పెంచిన పిల్లలను మహశీర్ సంరక్షణ పేరుతోనే దేశంలోని పలు నీటివనరులలో వదిలారు. కావేరి వాటిలో ఒకటి. ఒక మహశీర్‌ను కాపాడబోయి మరో మహశీర్‌కు పోటీదారును తెచ్చిపెట్టినట్టయింది. అన్నిటినీ 'మహశీర్' అనే ఒకే పేరుతో పిలిచినవారికి ఈ తేడా పట్టలేదు. మూపురం చేపకు అప్పటికి ఖచ్చితమైన శాస్త్రీయనామం కూడా లేదు. కావేరి ఉపనది మోయార్‌లో దొరికిన నమూనాల ఆధారంగా, కేరళలోని పాంబార్ నదినుంచి అంతకుముందే వర్ణితమైన 'టోర్ రేమాదేవియై' ఇదేనని 2018లో నిర్ధారించారు. అదే సంవత్సరం ఐయూసీఎన్ దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. శాస్త్రం పేరు పెట్టకముందే వేట లెక్కలు ఈ రెండు చేపలనూ రెండుగా చూశాయి. రంగును, మూపురాన్ని చూసి వేరు చేయడం ఒడ్డుమీది చూపు. ప్రయోగశాలకు ముందే ఉన్న చూపు.

ఇక్కడ పోలిక కోసం పలావు ద్వీపాలను తలచుకోవడం ఉచితం. సముద్రజీవశాస్త్రవేత్త ఆర్. ఇ. జొహాన్స్ 1970లలో అక్కడి జాలరుల వద్ద శిష్యుడిలా చేరి, ఏ చేప చంద్రుని ఏ కళలో ఎక్కడ గుంపుకట్టి గుడ్లు పెడుతుందో వారినుంచి తెలుసుకుని, 1981లో 'వర్డ్స్ ఆఫ్ ది లగూన్' గ్రంథంగా వెలువరించాడు. అక్కడ నేర్చుకునేవాడు నదిని, అంటే సముద్రాన్ని, నేర్చుకోవాలని వెళ్లాడు. కావేరికి వచ్చినవాడు చేప కోసం వచ్చాడు. ఎవరు ఏమి అడిగారో దాన్ని బట్టే రాతకెక్కింది. 23,620 గంటల వేటలో ప్రతి గంటకూ పుట్టిలో ఒక మార్గదర్శి ఉండి ఉంటాడనుకుంటే, ఆ గంటలు ఆయనవి కూడా. విశ్లేషణకు అందిన కొలతలు మాత్రం గంటలు, సంఖ్యలు, బరువులు.

7. వేట ఆగిన తర్వాత

2012 నాటికి అభయారణ్య పరిధిలో గాలపు వేట ఆగిపోయింది. అభయారణ్యంలో వినోదం కోసం ప్రాణిని గాలంతో పట్టడం, వదిలినా సరే, వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉద్దేశానికి సరిపడదన్న వాదనలో బలం ఉంది. గాలం గుచ్చుకున్న చేపకు బాధ లేదని ఎవరూ నిరూపించలేరు. మరోవైపు, వేట సాగిన రోజుల్లో ఒడ్డున పొద్దస్తమానం మనుషులు ఉండేవారు, వారి కళ్లముందు మందుగుండు పేల్చడం సులభం కాదు. లెక్కల పుస్తకం కూడా వేటతోనే ఆగిపోయింది. చట్టం సరైనదైనా, దానివల్ల మూసుకుపోయిన కిటికీ ఏదో గుర్తించడం పరిశోధకుని బాధ్యత.

తెలుగు పరిశోధకులకు ఇది పరాయి నది కథ కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల పని మన భాషాశాస్త్రానికి గర్వకారణం. ఆ దారిలో ఎందరో క్షేత్రపర్యటనలు చేసి వలల పేర్లు, పడవ భాగాల పేర్లు, చేపల పేర్లు సేకరించారు, సేకరిస్తున్నారు. పేరు సేకరించేవాడు సాధారణంగా ఒడ్డున కూర్చుని, వస్తువును చూపి "దీన్ని ఏమంటారు?" అని అడుగుతాడు. జవాబుగా నామవాచకం వస్తుంది. పుట్టి ఎక్కి, దారం వేలిపై వేసుకుని, "ఇప్పుడు తగిలింది ఏమిటి?" అని అడిగితే వచ్చే జవాబు వేరు. తాకిడుల్లోని తేడాలకు, నీటి గీతకు, ఎర పాకానికి కృష్ణా, గోదావరి, తుంగభద్రల ఒడ్డున ఏ మాటలున్నాయో, మాట లేనిచోట ఏ సైగ ఉందో ఆ రెండో ప్రశ్న అడిగినవారికే తెలుస్తుంది. పుట్టి నడిపేవారిలో ఇప్పుడు వయసు మళ్లినవారు ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల స్థితిలో ఉన్నారు. అడగవలసిన పరిశోధకుడు గాలం పట్టడం రానివాడైతే మరీ మంచిది. రానివానికే వారు మొదటినుంచి చెబుతారు.